పిల్లికి చపాతీ పథ్యం

మా పిన్ని వాళ్ళింట్లో పిల్లి నీచు ముట్టదని ధవళేశ్వరంలో ఆ వీధంతా చెప్పుకునేది. చెప్పుకునేది అనడం కంటే మా బాబాయ్ చెప్పించుకునేవాడు అనడం నిజం. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఈ మాట వచ్చేది.

"చేపముక్క ఎదురుగా పెట్టినా వాసన చూసి వచ్చేస్తుందండి. మా ఇంటి అలవాటు దానికీ పట్టేసింది."

ఎప్పుడైనా పెట్టి చూశారా అని ఎవరూ అడగలేదు. వీధిలో కోడిగుడ్డు పెంకు కనబడితే పిన్ని చేత గడప కడిగించే మనిషి ఆయన. ఇరిగేషన్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. అక్కడ ఫైళ్ళ మీద చెలాయించిన పెత్తనం ఇప్పుడు ఇంటి మీద చెలాయించేవాడు. నేనప్పుడు రాజమండ్రిలో పత్రికలో పనిచేస్తూ, సెలవు దొరికితే వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది.

పిల్లి మాత్రం పిన్నిది. వానల్లో తడిసి మంచం కిందికి చేరిన కూనని ఆమే దూదితో పాలు పట్టి బతికించింది. అది పెరిగి బూడిదరంగు చారల గండుపిల్లి అయింది. దానికి పెట్టే తిండిలో నాణ్యతకు లోటేమీ లేదు. సన్నబియ్యం అన్నం, గడ్డపెరుగు, సాయంత్రం పంచదార వేసిన చిక్కటి పాలు. దూడ పుట్టిన ఇంటి నుంచి జున్ను వస్తే మొదటి ముక్క దానికే. అన్నీ మేలురకమే. కాకపోతే, ఆ మేలు నిర్ణయించింది పెట్టేవాళ్ళ నాలుక. తినే జంతువు పళ్ళు ఎలా ఉన్నాయో ఆ ఇంట్లో ఎవరూ చూసిన పాపాన పోలేదు.

అది బకెట్లలో మూతి పెట్టి అదేపనిగా నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. తింటోంది, చిక్కిపోతోంది. పెరట్లో అది మూత్రం పోసిన చోట చీమలు చేరాయి. బాబాయ్ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి చూపించాడు.

"చూశావురా? షుగరు! నాకులాగే!"

ఆ గొంతులో దిగులు లేదు. తనతో సమానమైన హోదా పిల్లికి కూడా దక్కిందన్న తృప్తి ఉంది.

రాజమండ్రిలో పశువుల డాక్టరు చెవి అంచున సూది గుచ్చి రక్తం చూశాడు. షుగరేనన్నాడు. "అన్నం, పాలు, పెరుగు ఆపెయ్యండి. ఇది మాంసం తినే జంతువండి. చేపో కోడిమాంసమో ఉప్పూ కారం లేకుండా ఉడికించి పెట్టండి. ఇంజెక్షన్ రెండు పూటలా తిండి తిన్నాకే చెయ్యాలి. తిండి మారితే షుగరు తగ్గొచ్చు కాబట్టి నాకు చూపిస్తూ ఉండండి. డోసు మీరు మార్చకండి."

ఇంత చెబితే బాబాయ్ చెవికెక్కింది ఒక్కటే: అన్నం ఆపెయ్యండి.

మా జిల్లాల్లో షుగరొచ్చిన మనిషికి దారినపోయేవాడు కూడా చెప్పే వైద్యం ఒకటుంది. రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినాలి. వరి పండించి వరి తిని బతికేవాళ్ళకి గోధుమ తిండిలా కనబడదు, మందులా కనబడుతుంది. నాలుగు చపాతీలు బంగాళాదుంప కూరతో లాగించి, "ఏం చేస్తామండి, పథ్యం" అని నిట్టూర్చిన పెద్దమనుషుల్ని ఎందర్నో చూశాను. వాళ్ళలో మా బాబాయ్ ఒకడు. సూది పిన్నే రెండు పూటలా చేసేది, పథ్యం మాత్రం ఆయనదే పిల్లికీ అమలైంది. పొద్దున రాగిజావ, రాత్రి వెన్న తీసిన పాలలో నానబెట్టిన చపాతీ ముక్కలు. కాకరకాయ రసం కూడా ఒక చెంచా పట్టబోతే, పిల్లి దాన్ని ఆయన లాల్చీ మీదే తుమ్మింది. ఆ కుటుంబంలో అప్పటికి బుద్ధిగా ప్రవర్తించింది అదొక్కటే.

చేప వండకుండా పని జరిగే దారి ఉందేమోనని నేను రాజమండ్రిలో ఒక దుకాణానికి వెళ్ళాను. పిల్లుల తిండి పొట్లాలు అద్దాల బీరువాలో నగల్లా పెట్టి అమ్ముతున్నాడు. అట్ట మీద నోరూరించే చేప బొమ్మ. వెనక్కి తిప్పి చదివితే ముందు మొక్కజొన్న, తర్వాత గోధుమ, ఆ తర్వాత బియ్యం. అడుగున ఎక్కడో చేపపొడి.

"చేప ఏదండి ఇందులో?" అన్నాను.

"ముందు బొమ్మ ఉంది కదండి. ఫారిన్ పిల్లులన్నీ ఇదే తింటాయి సార్."

బాబాయ్ చపాతీకి బొమ్మ వేసి అమ్మితే ఇదే. పొట్లం అక్కడే పెట్టి వచ్చేశాను.

నెల తిరగకుండానే పిల్లి వెనక కాళ్ళు పట్టు తప్పాయి. ప్రహరీ మీద నడిచే జంతువు మడమలు నేలకు ఆనించి, చెప్పులు ఈడ్చుకునే ముసలాడిలా నడవసాగింది. పిన్ని, బాబాయ్, నేను మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

"ఏం పెడుతున్నారండి?"

"చపాతీలండి. చుక్క నూనె లేకుండా!" అన్నాడు బాబాయ్, మెచ్చుకోలు కోసం చూస్తూ.

డాక్టరు కలం కింద పెట్టాడు. "అన్నమైతేనేం, చపాతీ అయితేనేం, దానికి రెండూ ఒకటేనండి. మీ పథ్యం మీరు చేసుకోండి. దాన్ని చంపకండి."

పిన్ని అడిగింది. "చేప పెడితే బతుకుతుందాండి?"

"బతకొచ్చండి. కాళ్ళు కూడా కొంత రావచ్చు. ఇలాగైతే మాత్రం బతకదు."

ఆ రాత్రి నేను అక్కడే పడుకున్నాను. పొద్దున్నే చేపల గంపతో ఒకావిడ ఆ దారినే వెళుతోంది. ఆ వీధిలోకి రాగానే కేక ఆపేసి, మలుపు తిరిగాక మళ్ళీ అందుకోవడం ఆమె అలవాటు. పిన్ని పెరటి తలుపు తీసి చప్పట్లు కొట్టింది.

"మీరేనా అమ్మగోరూ పిలిచింది? ఇంకెవరో అనుకున్నానండి!"

"పిల్లికే."

"అలాగేనండి. మొదట్లో అందరూ పిల్లికే అంటారండి."

పిన్నికి నవ్వొచ్చింది గానీ బాబాయ్‌కి రాలేదు. పళ్ళపొడి నోటితోనే బయటికొచ్చాడు. "ఏంటిది? పరువూ ప్రతిష్ఠా ఏమైనా ఉన్నాయా? పక్కవాళ్ళు చూస్తే నేను తలెత్తుకుని తిరగగలనా?"

పిన్ని గొంతు పెంచలేదు. "ఆఫీసు క్యాంపుల్లో మీరు తిన్న ఆమ్లెట్లకి లేని పరువు నా పిల్లి దగ్గరకొచ్చేసరికి గుర్తొచ్చిందాండి? లాకుల దగ్గర గెస్ట్‌హౌస్‌లో వంటవాడు ఈ ఊరివాడే. వాడి పెళ్ళాం మనింటి మీదుగానే గుడికి వెళుతుంది."

బాబాయ్ నోటిలోని పళ్ళపొడి ఉమ్మడానికి నూతి దగ్గరికి వెళ్ళాడు.

పాత కిరసనాయిలు స్టవ్వు పెరట్లోకి చేరింది. పిన్ని ముక్కుకి కొంగు చుట్టుకుని చేప ఉడికించి, ముళ్ళు ఏరి పళ్ళెంలో పెట్టింది. నీచు ముట్టదని పేరు మోసిన పిల్లి ఆ పళ్ళెం ముందు కూర్చుని, తలెత్తకుండా, పళ్ళెం అడుగు మెరిసేదాకా నాకింది. వీధిలో ఇద్దరు ముగ్గురు పెద్దావిడలు పిన్నిని పేరంటానికి పిలవడం మానేశారు. వాళ్ళలో ఒకావిడ కొడుకు కాకినాడ మెస్సులో ఏం తింటాడో మాకందరికీ తెలుసు. తెలిసి ఊరుకోవడమే అక్కడ మర్యాద.

పిన్ని డాక్టరు చెప్పినప్పుడల్లా పిల్లిని తీసుకెళ్ళి చూపించింది. డోసు కొంచెం కొంచెంగా తగ్గింది. చలికాలం వెళ్ళేసరికి మడమలు నేల విడిచాయి. ఒకరోజు రక్తం చూసి డాక్టరు, "సూది ఆపి చూద్దామండి. తిండి మాత్రం మార్చకండి," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో పిల్లి బుట్ట నా ఒళ్ళో ఉంది. సూది తప్పినా చేప తప్పదని తేలినందుకేమో, పిన్ని సంతోషంగా ఏమీ కనబడలేదు. చేపల మార్కెట్ దగ్గరకు రాగానే ఆటో ఆపమంది. సాయంత్రానికి పిల్లికి తిండి లేదట.

"నువ్వు కూర్చో పిన్నీ, నేను తెస్తాను," అన్నాను.

"నీకేం తెలుసురా? నిన్నటివి అంటగడతారు. నువ్వు పేపర్లో రాసుకో."

చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఆ బురదలోకి దిగింది. మొదటి గంప దగ్గరే వంగి, ఒక చేప మొప్ప వేలితో ఎత్తి చూసి, మొహం చిట్లించి, పక్క గంపకి నడిచింది.