గుర్రం మీద ఎక్కాలు

మొన్న మా స్టేషన్ ముందు ఒక పెళ్ళి ఊరేగింపు ఆగినప్పుడు, పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రం ఒంటి నుంచి చెమటా, గడ్డీ, నానిన శనగలూ కలిసిన వాసన నేను టికెట్లిచ్చే కిటికీలోంచి లోపలికి వచ్చింది. చేతిలో పని మాత్రం ఆగలేదు.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. నాన్న లోకో షెడ్డులో ఖలాసీ. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, లెక్కలు ఏ భాషలోనూ తలకెక్కక నేను ఆరో తరగతి తప్పాను. "ఈపాలి కూడా తప్పితే ఊరెలిపోదువుగాని, మీ నానమ్మకి పన్లో సాయముంటావు" అన్నాడు నాన్న, కోపమైనా లేకుండా.

అప్పుడు అమ్మ నన్ను ఊరి చివర మోప్కాలో ఉండే సింహాద్రి తాత దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన రిటైరైన రైలు గార్డు. ఆటోలొచ్చి టాంగాలు మూలపడ్డ రోజుల్లో ఎవరో వదిలించుకుంటున్న ఆడగుర్రాన్ని తెచ్చుకుని, లచ్చి అని పిలుచుకుంటూ, ఖలాసీల పిల్లలకూ గ్యాంగ్‌మన్‌ల పిల్లలకూ సాయంకాలాలు ఊరికే పాఠం చెప్పేవాడు. పాఠం అప్పజెప్పినవాళ్ళకి ఆయన ఇంటి పక్క పొలం చుట్టూ ఒక చుట్టు సవారీ. నేను మూడు వారాలు ఏమీ అప్పజెప్పలేక గట్టు మీదే కూర్చున్నాను. నాలుగో వారం ఆయనే నన్నెత్తి, జీను బదులు వేసిన గోనెసంచి మీద కూర్చోబెట్టాడు.

"ఏటి, భయమా? జూలట్టుకో. దాని నడకతో పాటే సెప్పు. ఏడొకట్ల?"

"ఏడు."

అలా వానాకాలపు బురదలోనూ, ఎడ్లకి పూజచేసే పోలా పండక్కి పక్కింటివాళ్ళు పెట్టిన ఠేఠరీ, ఆ శనగపిండి జంతికలు, నములుతూనూ, చలికాలంలో బొగ్గుపొగ కలిసిన మంచులోనూ, లచ్చి అడుగుకొక అంకె చొప్పున పందొమ్మిదో ఎక్కం దాకా వచ్చేశాను. కాళ్ళ కింద దాని పక్కలు వెచ్చగా ఉబ్బి దిగుతుంటే నోరు తడబడేది కాదు.

ఏప్రిల్ ఆఖరున పాసయ్యాను. ఎండలో మార్కుల కాగితం పట్టుకుని మోప్కా దాకా పరుగెత్తాను. లచ్చిని కట్టే పాక ఖాళీగా ఉంది. తాత తొట్టి కడుగుతున్నాడు.

"నిన్న కడుపునొప్పొచ్చి పడిపోనాదమ్మీ, మరి లెగలేదు" అన్నాడు. కాగితం తీసుకుని చివరిదాకా చదివాడు. "లెక్కల్లో అరవై రెండా? రేపు ఏడో క్లాసు పుస్తకం తే."

ఇద్దరమూ ఏడవలేదు. మర్నాడు పుస్తకం తీసుకెళ్ళాను. సవారీ లేకపోయేసరికి పిల్లలు ఒక్కొక్కరే మానేశారు; మెట్రిక్ దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే. ఉద్యోగం వచ్చాక వెళ్ళి తాతకి చెప్పాలనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను.

ఇప్పుడు ఆ పొలంలో వరసగా ఇళ్ళు. కిందటి నెల కిటికీ దగ్గరికొచ్చిన ఒకామె చిన్నప్పుడు తాత ఇంట్లో చూసిన నా ముఖం పోల్చుకుని, తాను సింహాద్రి గారి మనవరాలినని, తాత పోయి రెండేళ్ళయిందని హిందీలో చెప్పింది.

"అచ్ఛా" అన్నాను. వెనకాల వరస పెరుగుతోంది. ఎక్కడికని అడిగి, పక్క స్టేషన్ గతౌరాకి ఒక టికెట్ ఇచ్చాను.