ఇడ్లీ ప్లేట్లలో పైనాపిల్ పూలు

పైనాపిల్ పువ్వు చేయడంలో నన్ను మించినవాళ్లు సాగర్ రోడ్డు పొడవునా లేరని ఆ వేసవిలోనే అనుకునేదాన్ని. ఇప్పటికీ అనుకుంటాను. సొంత డబ్బా అంటారా? నా డబ్బా నేను కాక ఎవరు కొడతారు!

ఇబ్రహీంపట్నం చుట్టూ చేలన్నీ ప్లాట్లవుతున్న ఏళ్లవి. ఫంక్షన్ హాళ్లు లేచాయి, వాటి వెంట కేకులూ వచ్చాయి. నేను ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ ఉద్యోగం మానేసి ఇంట్లో ఓవెన్ పెట్టుకున్నాను. కావాలంటే జూన్‌లో మళ్లీ చేర్చుకుంటామని కాలేజీవాళ్లు అన్నారు. మా ఆయన ఆ మాట పట్టుకున్నాడు. "సెలవులు అయ్యేదాక చూస్త. గిది నడవకుంటే మళ్ల కాలేజీకే పోవాలె." నాకేమో ఆ ల్యాబ్ గడప మళ్లీ తొక్కాలని లేదు.

అప్పుడొచ్చింది పక్కనే ఉన్న మంచాల ఊరి నుంచి మొదటి పెద్ద ఆర్డరు. చర్చిలో పెళ్లి. పెళ్లికూతురే వచ్చి అడిగింది. "కేకు మీద పూలుండాలె అక్కా. ప్లాస్టిక్‌వి వద్దు, తినేటియి కావాలె."

పైనాపిల్‌ను చెక్కు తీసి, నల్లటి కళ్లన్నీ గిల్లి, వెనకున్న వేలు కనిపించేంత పలచగా కోశాను. తడి గుడ్డతో అద్దేసి ఇడ్లీ ప్లేట్ల గుంటల్లో పరిచి, పైన పలచటి చీర కప్పి మిద్దె మీద పెట్టాను. ఎండే కొద్దీ అంచులు ముడుచుకుని ముద్దబంతుల్లా లేచాయి. చూసుకుని మురిసిపోయాను.

పెళ్లికి ముందు రోజు మిద్దెక్కితే పూల మీద తెల్లగా, పచ్చగా పొడి. మా అత్తమ్మ పని! ఏటా ఎండాకాలం మామిడి ముక్కలు ఎండబెట్టే చెయ్యి అది. మా మిద్దె మీద ఉప్పూ పసుపూ తగలకుండా ఏ ముక్కా ఎండిన పాపాన పోలేదు.

"ఉప్పెయ్యకుంటే పురుగు పడ్తది కద బిడ్డా. పనిల పడి మర్సిపోయినవ్ అనుకున్న" అంది.

నాకు ఒళ్లు మండింది. "గవి కేకు మీదికి అత్తమ్మా!" అని అరిచాను. ఆమె ముఖం చిన్నబోయింది. మళ్లీ కోసి ఎండబెట్టే వ్యవధి లేదు. ఆర్డరు పోతే నేను కాలేజీకి పోవాల్సిందే.

కోపంతోనే ఒక పువ్వు నోట్లో వేసుకున్నాను. తీపి, పులుపు, చివర్లో ఉప్పు. ఇంకొకటి తిన్నాను. పసుపు వల్ల రంగు కూడా నేను చేసినదానికన్నా బాగా తేలింది. పొడి గుడ్డతో పైపైన దులిపి, ఒక డబ్బాలో కొన్ని సర్దుకుని మంచాల బస్సెక్కాను. చెప్పకుండా కేకు మీద పెట్టడం నా వల్ల కాదు.

"కేకు మీద ఉప్పా అక్కా?" పెళ్లికూతురు కళ్లు పెద్దవి చేసింది.

"తిని చెప్పు. వద్దంటే ఉత్త క్రీము కేకు ఇస్త."

ఒకటి తింది. ఒక కన్ను మూసింది. డబ్బా నా చేతికి తిరిగి రాలేదు.

మర్నాడు కేకు పంచుతుంటే క్రీమంటే మొహం తిప్పుకునే ముసలివాళ్లు కూడా పువ్వు ఒక్కటి చాలని చేతులు చాపారు. అక్కడే ఇంకో రెండు పెళ్లిళ్లు కుదిరాయి, నాకు. అత్తమ్మ కూడా నాతో వచ్చింది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఎట్లా ఎండబెట్టాలో ఆమే వివరించింది. నేను అడ్డు రాలేదు.

కాలేజీ తెరిచాక ఒక పొద్దున ఫోన్ మోగింది. నా చేతులకు క్రీముంది. అత్తమ్మ ఎత్తి, అవతలివాళ్లు చెప్పిందంతా ఓపిగ్గా విన్నది.

"ఆమె రాదు సార్" అంది. "మాకు పనున్నది."