తెరమీద కుంటిన కాలు

కృత్రిమ కాళ్లు చేసే ఆ వర్క్‌షాపులో ఆమెను అందరూ సోకులక్క అనేవాళ్లు. కాళ్ల నమూనాలు కంప్యూటర్లో గీయడం ఆమె పని. మనిషి సాదాసీదాగానే ఉంటుంది కానీ, ఆమె కంప్యూటర్ తెర చూడాలి! తెరమీద తెరుచుకునే కిటికీలకు నీడలు, పట్టుకుని లాగితే వయ్యారంగా ఊగడాలు, అంతకుముందు రోజే కొత్తగా చేరిన గాజు మెరుపులు. తెరమీది కిటికీలను సర్దిపెట్టే విండో మేనేజర్ అనే ప్రోగ్రాముకు ఎన్ని హంగులున్నాయో అన్నీ పెట్టేసింది. పొద్దస్తమానం గీతల్లో మునిగి ఉండే మనిషికి ఆ మాత్రం ముచ్చట ఉండకూడదా?

అక్కడ ఒక పద్ధతి ఉంది. కొత్త కాలు తెరమీద నడవడం చూసి, తొడుక్కోబోయే మనిషి సరేనంటేనే తయారీ మొదలవుతుంది. ఆ రోజు ఉత్తరాలు పంచే పోస్టమ్మ వచ్చింది. ప్రమాదంలో కాలు పోయినప్పటి నుంచీ ఆవిడ ఇల్లు కదల్లేదు. కూతురు బతిమాలి, బామాలి తీసుకొచ్చింది.

తెరమీద కాలు బయలుదేరింది. రెండడుగులు వేసి ఆగింది, ఉలిక్కిపడ్డట్టు ముందుకు దూకింది, మళ్లీ ఆగింది.

"బొమ్మలోనే కుంటుతోంది కదమ్మా, ఇక నన్నేం నడిపిస్తుంది? పదవే, ఇంటికి పోదాం," అని పోస్టమ్మ చేతికర్రలు అందుకుంది. కూతురి ముఖం వాడిపోయింది.

"ఒక్క క్షణం కూర్చోండమ్మా," అంటూ సోకులక్క మోకాలి కీలు లెక్కలన్నీ తిరగేసింది. తప్పేమీ కనబడలేదు. ఈవిడ ఇప్పుడు వెళ్లిపోతే మళ్లీ రాదు. కంగారులో అడ్డొచ్చిన కిటికీని పక్కకు లాగింది. కాలు కుంటుతూనే ఉంది. కిటికీ మాత్రం ఎక్కడా తడబడకుండా, హాయిగా ఊగుతూ జరిగింది.

అప్పుడు వెలిగింది. కంప్యూటర్ సత్తువంతా ఈ సోకులకే పోతోంది! కాలు వేసే ప్రతి అడుగుతోపాటు నీడలూ మెరుపులూ మళ్లీ మళ్లీ గీయడానికే సరిపోయి, కాలి దగ్గరికొచ్చేసరికి పాపం చతికిలబడుతోంది. తన ముచ్చటే ఆవిడ కాలికి అడ్డం పడిందని సోకులక్కకు సిగ్గేసింది. నీడలు తీసేసింది, మెరుపులు తీసేసింది, ఊగడాలు ఆపేసింది. తెర బోసిపోయింది.

కాలు నడిచింది. మడమ ఆనింది, మోకాలు వంగింది, వేళ్లు నేలను తన్ని లేచాయి. ఎక్కడా ఆగలేదు.

పోస్టమ్మ చేతికర్రలు కూతురికిచ్చి, కుర్చీలో ముందుకు జరిగింది. చాలాసేపు చూసింది.

"మెట్లెక్కుతుందా?"

సోకులక్క తెరమీద మెట్లు పెట్టింది. కాలు ఎక్కింది.

"పై అంతస్తుల వాళ్లకే ఉత్తరాలు ఎక్కువొస్తాయి," అంది పోస్టమ్మ. "ఇంక మొదలుపెట్టు తల్లీ."