జరపడం

మిర్యాలగూడ ఆఫీసులో హారిక ఏ వాక్యం రాయబోయినా ముందు చున్నీ కొసను వేలికి చుట్టుకుంటుంది. సూర్యాపేటలో ఒక డయాలసిస్ సెంటర్ అపాయింట్‌మెంట్లు చూసే ఏఐకి, అది వాడే ఏ టూల్ ఏం చేస్తుందో తెలుగులో రాసిపెట్టడం ఆమె పని. ఒక టూల్‌కి "అపాయింట్‌మెంట్‌ను జరుపుతుంది" అని రాసింది. తేదీని పక్కకు జరపడమని ఆమె ఉద్దేశం. చంద్రమ్మ అనే ముసలామె ఫోన్‌చేసి ఒకరోజు జరపమంటే, ఏఐ మాత్రం జరపడమంటే నిర్వహించడమనుకుని, డయాలసిస్ జరిగిపోయిందని రాసుకుంది. మర్నాడు కాళ్లు వాచి, ఆయాసపడుతూ వచ్చిన ఆమెకు బెడ్డు లేదు.

సెంటర్ నుంచి మురళీధర్ ఈ సంగతి ఫోన్‌లో చెబుతుంటే, హారిక గబగబా ఆ వాక్యం కొట్టేసి "తేదీని మారుస్తుంది, అంతే" అని రాసింది. సేవ్ నొక్కబోతోంది.

"చంద్రమ్మకేం గాలే మేడం, పరేషాన్ గాకుండ్రి. ఇంకొకాయనను రేపటికి జరిపి ఆమెకు బెడ్డిచ్చినం."

వేలి మీద చున్నీ బిగుసుకుంది. "ఎవలు జరిపిండ్రు?"

"ఇంకెవలు? మీ ఏఐనే."