సారు ఎక్కగలిగిన కారు

మా పక్కింటి టీచరమ్మ చనిపోయారన్న కబురు నేను దుకాణంలో ఉండగా వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదట. కబురు తెచ్చిన మా వీధి కిరాణా సేటు వెళ్లబోతూ ఆగి, "ఇగ సారును బయటికి ఎవరు తీస్కపోతరు?" అన్నాడు. ఆమె గురించి చెప్పాలంటే ఆ మాట దగ్గరే మొదలుపెట్టాలి.

మీలో జహీరాబాద్ వచ్చిపోయేవారు ఆమె కారును చూసే ఉంటారు. ఒకప్పుడు తెల్లనిది. నలుగురు సర్దుకుని కూర్చోగలిగే చిన్న కారు. రాయికోడ్ వైపు బడిలో పనిచేసిన రోజుల్లో కొన్నారు. తోటి టీచర్లను ఎక్కించుకుని పోయి వచ్చేవారు. తర్వాత ఆ టీచర్లంతా కొత్త కార్లు కొన్నారు, వాటిని అమ్మి ఇంకా కొత్తవి కొన్నారు. ఈమె మాత్రం అదే కారు. పిసినారితనమని కొందరు, మొండితనమని కొందరు అనేవారు. ఎవరేమన్నా ఆమెకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

అసలు సంగతి వేరు. ఆమె భర్తను మేమంతా సారు అంటాం. పక్షవాతం వచ్చి ఆయనకు ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. మాట ముద్దముద్దగా వస్తుంది. దవాఖాన నుంచి ఇంటికొచ్చాక ఆయన ఎక్కగలిగింది ఆ కారు ఒక్కటే. దాని సీటు ఆయనకు సరిగ్గా మంచం ఎత్తులో ఉంటుంది. మొదట ఆయన కారుకు వీపు పెట్టి సీటు మీద కూర్చునేవారు, తర్వాత టీచరమ్మ ఒక్కో కాలూ ఎత్తి లోపల పెట్టేవారు. బీదర్‌లో ఉండే కూతురు కొత్త కారు కొనాల్సిందేనని పట్టుబడితే ముగ్గురూ షోరూముకు వెళ్లారు. ఎంత తంటాలు పడ్డా సారుకు సీటు అందలేదు. అక్కడి అబ్బాయిలు ఇద్దరు చెరో పక్కా పట్టి ఎత్తబోతే అందరి ముందూ ఆయనకు కళ్లనీళ్లు వచ్చేశాయి. "మల్లొస్తం బిడ్డా" అని చెప్పి వచ్చేసిన టీచరమ్మ మళ్లీ ఆ వైపు వెళ్లలేదు.

ఎత్తు తక్కువ కార్లు వేరేవి లేవా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను.

"ఉండొచ్చు తమ్మీ. దుకాణం దుకాణం తిప్పి ఆయనను ఎక్కిచ్చి దించి సూడాల్నా? ఒక్కసారికే సాలైంది."

అప్పటి నుంచి ఆ కారు ఆగిపోకుండా చూసుకోవడమే ఆమె పని. పొద్దున వాకిలి ఊడ్చాక బానెట్ ఎత్తేవారు. పాత చీర ముక్కతో ఆయిల్ పుల్ల తుడిచి, ముంచి, తీసి, వెలుతురుకు పట్టి చూసేవారు. వంగి నేల మీద మరకలు వెతికేవారు. ఇంజన్ ఆన్ చేసి పక్కనే నిలబడి చాయ్ తాగేవారు. అప్పుడు ఎవరైనా పలకరిస్తే చెయ్యి అడ్డం పెట్టేవారు. "జర ఆగు. దాని ముచ్చట అయినంక నీ ముచ్చట."

కొన్నాళ్లకు ఆ కారు సామాన్లు దొరకకుండా పోయాయి. బస్టాండు వెనక మెకానిక్ భాయ్ చేతులెత్తేశాడు. "మేడమ్, గీ సామాన్ తయారు జేసుడే బంద్ అయింది."

"కొత్తది బంద్ అయితేంది భాయ్, ఇంకొకరి బండిల ఉంటది గద."

న్యాల్‌కల్ దగ్గర ఒక రైతు కొట్టంలో సరిగ్గా అలాంటి కారే మూలపడి ఉందని, లోపల కోళ్లు పొదుగుతున్నాయని ఆమెకు ఎలా తెలిసిందో తెలియదు. దాన్ని ట్రాక్టరుకు కట్టి ఈడ్పించుకొచ్చి పెరట్లో నిలబెట్టారు. ఒకటి చాలక రెండోదా అని మా ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. అది నడపడానికి కాదని మాకు తర్వాత తెలిసింది. ముందున్న కారుకు ఏది పోయినా భాయ్ వెనకదాని నుంచి విప్పి తెచ్చి బిగించేవాడు. వైపర్ మోటారు, తలుపు పిడి, రేడియేటర్, అన్నీ అలాగే ముందుకు నడిచాయి. చివరికి పెరట్లో డొల్ల మిగిలింది. దాని కప్పు మీద ఆమె మిరపకాయలు ఎండబెట్టేవారు.

రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి వెళ్లినప్పుడు, "ఇదింకా నడుస్తదా అమ్మా?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడట. "నడ్శే వచ్చింది సార్" అన్నారట ఈమె.

సాయంత్రం ఇద్దరూ హైవే మీద చిరాగ్‌పల్లి దాకా వెళ్లేవారు. అక్కడి హోటలతను చాయ్ కారు దగ్గరికే తెచ్చి ఇచ్చేవాడు. సారు బొంబాయి వైపు పోయే లారీలను చూస్తూ కూర్చునేవారు. తిరిగి వచ్చేదాకా ఇద్దరి మధ్యా పెద్దగా మాటలుండేవి కావు. అంతదూరం పోయి ఏం చేస్తారని టీచరమ్మను ఒకసారి అడిగితే, "ఏం జేస్తం, నా పక్కకు కూసుంటడు" అన్నారు.

మొన్న ఎండాకాలం క్లచ్ పోయింది. పెరట్లో దానిదీ అప్పటికే అరిగిపోయి ఉంది. భాయ్ హైదరాబాద్‌లో పాత సామాన్ల బజారంతా గాలించి తెచ్చేదాకా కారు కదల్లేదు. ఆ రోజుల్లో సారు సరిగ్గా అన్నం తినలేదు. టీచరమ్మ గొంతులో భయం విన్నది నేను అప్పుడే. "తమ్మీ, ఇది ఆగితే ఆయన మంచం పడతడు" అన్నారు. నాకు ఆమె మీద గౌరవం ఎప్పుడూ ఉండేది. ఆ రోజు జాలి కూడా కలిగింది.

దినాలు అయిపోయిన మర్నాడు సాయంత్రం కూతురు కారు తాళం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ అమ్మాయికి డ్రైవింగ్ రాదు. "మామా, నాయిన చెప్పులేస్కోని కూసున్నడు. ఎంత చెప్పినా ఇడుస్తలేడు" అంది.

సారును కూర్చోబెట్టి, కాళ్లు లోపల పెట్టి, అటు తిరిగి వచ్చి నేను ఎక్కాను. ఎక్కాననడం కంటే ఇరుక్కున్నాననాలి. టీచరమ్మ పొట్టి మనిషి, సీటు బాగా ముందుకు జరిపి ఉంది. నా మోకాళ్లు స్టీరింగుకు తగులుతున్నాయి. సీటు వెనక్కి జరుపుదామని కిందికి చెయ్యి పోనిచ్చాను. సారు కుడిచెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనియ్యి" అన్నారు. కాసేపటికి, "ఆమె జాగ" అన్నారు.

మోకాళ్లు చెరో పక్కకూ విప్పుకుని చిరాగ్‌పల్లి దాకా అలాగే నడిపాను. సారు లారీల వైపు చూడలేదు. ఆయన కుడిచెయ్యి దారి పొడవునా నా సీటు అంచు మీదే ఉంది.