నా పేరున మొలిచిన కాకర

నెల్లూరులో మా డాబా మీద కుండీల్లో మొన్న బెండ విత్తనాలు నాటి నీళ్లు పోస్తే, ఎండకు కాగిన మట్టిలోంచి లేచిన కమ్మటి వాసన నన్ను నేరుగా విడవలూరు దగ్గర మా ఊరి బడి వెనక్కి, మూడో తరగతిలోకి లాక్కుపోయింది.

ఆ ఏడు తుఫాను వానలు వెలిసి, సముద్రపు గాలికి కాస్త చలి తోడైన రోజుల్లో, సుశీల టీచర్ ఆ ఇసుక నేలను చిన్న చిన్న మడులు చేయించి, తలా ఒక మడీ నాలుగు విత్తనాలూ ఇచ్చి, పుల్లలకు అట్టముక్కలు కట్టి మా పేర్లు రాయించింది. పండినవన్నీ మధ్యాహ్నం అన్నంలోకి కూరవుతాయని, ఎవరి కాయలు వండితే ఆ రోజు వాళ్లకే మొదటి వడ్డన అని చెప్పింది. నాకు బెండ వచ్చింది. సైకిల్ మీద బట్టలమ్మే సాయిబు కూతురు షంషాద్‌కు కాకర. చాప మీద నా పక్క చోటూ ఆమెదే, మడుల్లో నా పక్క మడీ ఆమెదే.

విత్తనం లోపల ఏం చేస్తోందో చూడకపోతే నాకు అన్నం సయించేది కాదు. రోజూ గంట కొట్టకముందే వెళ్లి, పుల్లతో తవ్వి, నాలుగింటినీ బయటికి తీసి, తిప్పి చూసి, మళ్లీ పూడ్చిపెట్టేదాన్ని. కొన్నాళ్లకు షంషాద్ మడిలో పచ్చటి మొలకలు తలెత్తాయి. నాది బోడిగానే ఉంది. ఏడుపు మింగుకుని, మర్నాడు అందరికంటే ముందెళ్లి రెండు అట్టముక్కలూ మార్చేశాను.

షంషాద్ వచ్చి, బోడి మడిలో తన పేరు చూసుకుంది. "నిన్న నాది ఆ పక్కది గదమే?" అని నన్నే అడిగింది.

"నీదెప్పుడూ ఇదే," అన్నాను. నమ్మేసింది.

ఆ రోజు నుంచి నేను తవ్వడం మానేశాను. దాంతో ఎవరూ కెలకని నా బెండ విత్తనాల్లో రెండు హాయిగా బతికి, షంషాద్ పేరు కింద నిటారుగా మొలిచాయి. నా పేరు కిందివి తీగలు సాగి, కంప ఎక్కి, పసుపు పూలు పూశాయి.

టీచర్ మడుల దగ్గరికి వచ్చి అట్టముక్క చదివింది. "ఏందిమే, నీకు నేనిచ్చింది బెండ గదా? బెండ ఏసి కాకర పండించినావా! పేపరోళ్లని పిలవాల్సిందే."

"వానకి మారిపోయింది టీచర్," అన్నాను.

తరగతి మొత్తం గొల్లుమంది. టీచర్ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షంషాద్ ఒక్కతే నవ్వలేదు.

"నువ్వు చెప్తే నమ్మినా మే," అంది.

రెండు రోజులు చాప మీద మా ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. మూడో రోజు నేనే ఆ చోటులోకి జరిగి, "తప్పయిపోయింది. రెండు మడులూ నువ్వే తీసుకో," అన్నాను. ఆమె ఇంకాస్త అవతలికి జరిగింది.

టీచర్ అట్టముక్కలు మళ్లీ మార్పించింది కాబట్టి, కాకరకాయలు వండిన రోజు మొదటి వడ్డన షంషాద్‌దే. తన పళ్లెంలో కూరంతా నా పళ్లెంలోకి తోసేసి, "తిను," అంది. చేదుకు నా కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, చివరి ముక్క గొంతు దిగేదాకా కన్నార్పకుండా చూసింది. ఆ తర్వాతే వచ్చి నన్ను ఆనుకుని కూర్చుంది.

ఈమధ్య ఆ బడికి వెళ్లాను. మడులున్న చోట సిమెంటు రాళ్లు పరిచారు. కూరగాయలు ఆటోలో వస్తున్నాయట. గోడ మీద మాత్రం వరసగా కూరగాయల బొమ్మలు, వాటిలో వంకాయకు దట్టమైన మీసం. ఎవరు గీశారని అడిగితే, రెండు జడల పిల్ల ఒకతె ముందుకొచ్చింది.

"వంకాయ పెయింటరు గీసినాడు. మీసం నేను పెట్టినా."