నానీ నిద్రలో చెప్పిన రంగులు

నేను దెయ్యాల్ని, శకునాల్ని నమ్మను. అది ముందే చెప్పెయ్యడం మంచిది. తెనాలిలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచెయ్యడం నా పని. ఇంట్లో ఎవరో మూలుగుతున్నారని భయపడి నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు. వెళ్ళి చూస్తే కంప్రెసర్ కింద రబ్బరు బుష్ అరిగిపోయి ఉంటుంది. కొలకలూరులో ఒకావిడ నేను వెళ్ళేసరికే ఫ్రిజ్‌కి నిమ్మకాయలు కట్టేసింది. బుష్ మార్చాను, మూలుగు ఆగింది. నిమ్మకాయల వల్లే ఆగిందని ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంటుంది.

అలాంటి నాకు జరిగిన సంగతి ఇది. పట్టపగలు, బాపట్లలో, బోలెడంతమంది చూస్తుండగా జరిగింది.

నాకు స్నూకర్ పిచ్చి. కుర్రాడిగా ఉన్నప్పుడు పట్టుకుంది, పెళ్ళయ్యాక కూడా వదల్లేదు. తెలియనివాళ్ళ కోసం ఆట గురించి రెండు ముక్కలు చెబుతాను. ఆకుపచ్చ గుడ్డ పరిచిన పెద్ద బల్ల మీద కొన్ని ఎర్ర బంతులు, ఆరు వేరే రంగుల బంతులు ఉంటాయి. ఒక ఎర్ర బంతిని కన్నంలో పడేస్తే, తర్వాత ఒక రంగు బంతిని పడెయ్యాలి. మళ్ళీ ఎర్రది, మళ్ళీ రంగుది. ఎర్రవి ఉన్నంతసేపూ పడిన రంగు బంతిని తీసి మళ్ళీ దాని చోటే పెడతారు. ఎర్రవన్నీ అయిపోయాక మిగతావి వరసలోనే పడాలి: పసుపు, ఆకుపచ్చ, గోధుమ, నీలం, గులాబి, చివర నలుపు. వరస తప్పితే ఒప్పుకోరు.

మా నానీకి, అంటే మా అమ్మమ్మకి, ఇదంతా గోలీలాట. "గడ్డం నెరుస్తుంటే గోలీలాటేంట్రా" అని నవ్వుతుంది. వయసులో ఉన్నప్పుడు ఆమె వేటపాలెం నుంచి చీరలు తెచ్చి తెనాలిలో ఇంటింటికీ తిరిగి అమ్మేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా చీరల సంగతి వస్తే మాత్రం తెలుగులోకి దిగుతుంది. కళ్ళకి శుక్లాలు వచ్చాయి, ఆపరేషన్ అంటే వినదు. టీవీ చూడదు, వింటుందంతే. నేను ఆడే క్లబ్బు మెట్లు ఏనాడూ ఎక్కలేదు.

ఆ ఏడాది రాష్ట్ర ర్యాంకింగ్ టోర్నీ బాపట్లలో పెట్టారు. ఎప్పుడూ మొదటి రౌండ్లలోనే ఇంటిదారి పట్టే నేను ఎలాగో సెమీఫైనల్ దాకా వచ్చాను. ఇది గెలిస్తే మొదటిసారి జాతీయ ర్యాంకింగ్ టోర్నీలో ఆడొచ్చు. ఓడితే ఇక పోటీలు మానేస్తానని మా ఆవిడకి మాటిచ్చాను. మాట ఇచ్చేటప్పుడు సరదాగానే ఇచ్చాను గానీ, ఆ రోజు పొద్దున చొక్కా గుండీలు ఒకదానిది ఇంకోదానికి పెట్టుకున్నాను. నానీ దగ్గరికి వెళ్తే దువా చదివి నెత్తిన ఊదింది.

నా ప్రత్యర్థి మోహనరావు అన్న. రేపల్లె ఆయన. వాళ్ళది సముద్రం మీద చేపలు పట్టే కుటుంబం, సొంత బోటుంది. ఆటలో పరిచయమై స్నేహితులమయ్యాం. ఆయన రేపల్లె నుంచి వచ్చి తెనాలిలో రైలు మారాడు, అక్కణ్ణుంచి ఇద్దరం కలిసే బాపట్ల వెళ్ళాం. వాళ్ళావిడ కట్టిచ్చిన రొయ్యల వేపుడు డబ్బా తెరిచి నా ముందు పెట్టాడు.

"కడుపు నిండా తిను భాయ్. ఓడిపోయాక ముద్ద దిగదు."

"నీకు మిగిల్చి ఉంచనా అన్నా, సాయంత్రం ఓదార్పుకి?" అన్నాను. డబ్బా మాత్రం ఖాళీ చేశాను.

హాల్లోకి వెళ్ళగానే నిర్వాహకులు అందరి ఫోన్లూ ఆపించి ఒక బుట్టలో పెట్టించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆట మొదలవ్వాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. అందరం బయటికొచ్చి గేటు దగ్గర బండి మీద గోలీసోడాలు తాగుతూ నిలబడ్డాం. కరెంటు ఎంతకీ రాలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ సోడాలు తాగేటప్పటికి మా ఆట ఇంకా మొదలవ్వలేదు.

చివరికి కరెంటొచ్చింది. ఆట నువ్వా నేనా అన్నట్టు సాగి ఆఖరి ఫ్రేమ్‌కి, అంటే గెలుపోటములు తేల్చే చివరి విడతకి వచ్చింది. అందులో మోహనరావు అన్న యాభై పాయింట్లు ముందున్నాడు. బల్ల మీద మూడే ఎర్ర బంతులు. ఉన్నవన్నీ పడేసి, మూడుసార్లూ అన్నిటికన్నా విలువైన నల్లదాన్నే పడేస్తే ఒక్కటంటే ఒక్క పాయింటుతో గెలుస్తాను. ఆయన ఒక సులువైన బంతి వదిలేసి కుర్చీలో కూర్చున్నాడు. నేను లేచాను.

ఎరుపు, నలుపు. ఎరుపు, నలుపు. మూడో ఎరుపు పడింది గానీ, కొట్టే తెల్లబంతి ఎక్కువ దొర్లి గులాబి వెనక ఆగిపోయింది. నలుపు కనబడలేదు. చేసేదిలేక గులాబీనే పడేశాను. ఇక అన్నీ పడేసినా పాయింట్లు సమానమవుతాయంతే. పసుపు, ఆకుపచ్చ, గోధుమ, నీలం, గులాబి, నలుపు. అన్నీ పడ్డాయి. హాలంతా చప్పట్లు. బోర్డు మీద ఇద్దరి పాయింట్లూ ఒక్కటే.

అలా జరిగితే నల్లబంతిని మళ్ళీ దాని చోట పెట్టి, ఆ ఒక్కదాని కోసం ఆడిస్తారు. అరుదుగా జరుగుతుంది. నాకైతే పోటీల్లో అదే మొదటిసారి. ఇద్దరం భయంభయంగా చాలాసేపు దాన్ని అటూ ఇటూ తోశాం. ఆయన కొట్టిన ఒక దెబ్బకి నలుపు మధ్య కన్నం దగ్గరికొచ్చి ఆగింది. పడేశాను. బల్లనే పట్టుకుని నిలబడ్డాను.

మోహనరావు అన్న వచ్చి కౌగిలించుకున్నాడు. "రొయ్యలు పెట్టి మరీ ఓడించుకున్నా గదరా" అన్నాడు.

ఫైనల్ మర్నాడు. సాయంత్రం బాపట్ల స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఫోన్ ఆన్ చేశాను. ఇంట్లోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మా చెల్లెలు నస్రీన్ ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. కింద "నానీ నిద్రలో చీరలు అమ్ముతోంది" అని రాసి, పడీపడీ నవ్వే బొమ్మలు పెట్టింది. అన్న కూడా వింటాడని స్పీకర్లో పెట్టాను.

ఫ్యాన్ చప్పుడు. నస్రీన్ నవ్వాపుకుంటున్న చప్పుడు. తర్వాత నిద్రమత్తులో నానీ గొంతు, తెలుగులో.

"ఎర్రది... నల్లది... ఎర్రది... నల్లది... ఎర్రది... గులాబీ."

కాస్త ఆగి, "పసుప్పచ్చది... ఆకుపచ్చది... కాఫీపొడి రంగు... నీలం... గులాబీ... నల్లది."

ఒక నిట్టూర్పు. "మళ్ళీ నల్లదే."

అంతే, అక్కడితో అయిపోయింది. మోహనరావు అన్న వేరుశెనక్కాయ వలుస్తున్నవాడు ఆపేశాడు. "ఇంకోసారి పెట్టు" అన్నాడు. పెట్టాను. "మనాట సంగతి ఇంటికి ఫోన్ చేసి చెప్పావేంటి?" అన్నాడు. ఫోన్ బుట్టలో ఉందని ఆయనకీ తెలుసు. అప్పుడు మెసేజ్ వచ్చిన టైము చూశాం. మేం గేటు దగ్గర సోడాలు తాగుతున్న టైమది.

నస్రీన్ ఫోన్లో గడియారం తప్పేమో అనుకున్నాను. గ్రూపులో మిగతావాళ్ళ ఫోన్లన్నిట్లోనూ అదే టైము. హైదరాబాద్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకైతే అది విని అప్పుడే జవాబు కూడా పెట్టాడు. చీరల కలే అనుకుందామంటే, రెండేసి ఎర్ర చీరల మధ్య ఒక్కో వేరే రంగు చీర ఎవరు పరుస్తారు? సరే, అదీ కాకతాళీయమే అనుకుందాం. మరి చివర ఆ రెండో నలుపు?

ఇంటికెళ్ళి నానీని అడిగితే కోపం తెచ్చుకుంది. "నిద్రలో మాట్లాడటానికి నాకేమన్నా మతిపోయిందా?" అంది. మెసేజ్ వినిపిస్తే తన గొంతు కాదంది.

జాతీయ టోర్నీ రోజున మావాళ్ళు నానీకి బిర్యానీ పెట్టి మరీ పడుకోబెట్టారు. నస్రీన్ ఫోన్ పట్టుకుని మంచం పక్కనే కూర్చుంది. నానీ చక్కగా గురక పెట్టింది. నేను మొదటి రౌండ్లోనే ఓడిపోయాను. ఆ గురక కూడా గ్రూపులో పెట్టారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఒక ఆదివారం నానీ కాళ్ళకి నూనె రాస్తున్నాను. నేనేమీ అడక్కుండానే చెప్పింది.

"అప్పుడు కలలో ఒకాయన చీరలు చూపించాడ్రా. ఆకుపచ్చ దుప్పటి మీద ఒక్కోటీ పెడుతున్నాడు. నల్లది పెడితే ఎవరు కొంటారని పక్కకి తోసేశా. మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టాడు."

"ఎవరు నానీ?"

"ఏమో. మాట్లాడడు. పెళ్ళి బ్యాండు వాళ్ళ మల్లే చేతులకి తెల్ల గ్లౌజులేసుకున్నాడు."

స్నూకర్లో బంతుల్ని తీసి మళ్ళీ చోట్లో పెట్టేది రిఫరీ. ఆయన వాటిని వట్టి చేత్తో ముట్టుకోడు, తెల్ల గ్లౌజులు వేసుకుంటాడు. ఆ సంగతి మా ఇంట్లో నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత గొప్ప విషయమని తోచలేదు.

మూలుగు వినిపిస్తే బుష్ వెతికే మనిషిని నేను. దీనికి మాత్రం ఎక్కడ విప్పి చూడాలో తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. భయం వేసిందా అంటే అదీ లేదు. నవ్వొచ్చింది, దాంతోపాటే ఒళ్ళు జలదరించింది.

"ఇంతకీ ఆ నల్లది ఎవరన్నా తీసుకున్నారంటావా?" అని అడిగింది నానీ.

"నేనే తీసుకున్నా నానీ."

"పోనీలే, మిగిలిపోలేదు" అని రెండో కాలు చాపింది.